అంటు కట్టిన ఇష్టం

సూర్యచంద్రం ‘రేవు’ ఆట మానడం అదేమీ మొదటిసారి కాదు. మానిన ప్రతిసారీ భార్య సత్యవేణి అన్నవరం వెళ్లి వ్రతం చేయించుకొచ్చేది. చివరికి అక్కడి పురోహితుడు ఆమెను చూడగానే, “ఈసారి గట్టిగా మానినట్టేనా అమ్మా?” అని అడిగే దాకా వచ్చింది.

రేవు చూడ్డానికి సాధువైన ఆట. కాల్చుకోవడాలు, నరుక్కోవడాలు లేవు. మంచు కమ్మిన సముద్రం, ఒడ్డున చిన్న ఊరు. దీపాలు వెలిగించి కూర్చుంటే ఎప్పుడో ఒక పడవ వస్తుంది. ఎవరు వస్తారో, ఏం తెస్తారో తెలియదు. అప్పుడప్పుడూ తుఫాను వచ్చి ఊరంతా చెల్లాచెదురు చేసిపోతుంది. ఓపిగ్గా మళ్లీ కట్టుకున్నవాడికి తుఫాను తర్వాత వచ్చే పడవ ఉంటుందే, అది మామూలు పడవ కాదు. ఎంత పెద్ద తుఫానైతే అంత పెద్ద పడవ. ఆ పడవ కోసం సూర్యచంద్రం తిండి మరిచాడు, నిద్ర మరిచాడు, కడియం దగ్గర తండ్రి పెంచిన నర్సరీని కూలీల మీద వదిలేశాడు.

ఆటకు బదులు ఇంకేదైనా చూపిస్తే మనసు మళ్లుతుందని వేణి ఆశ. చేపల తొట్టి తెచ్చి పెట్టింది. మేత వేసే పని చివరికి ఆమెకే మిగిలింది. సాయంత్రాలు వాలీబాల్‌కి పంపింది. బంతి వచ్చి మొహానికి తగిలేదాకా తను ఆటలో ఉన్నట్టు ఆయనకు గుర్తుండేది కాదు. క్యారమ్స్ బల్ల అయింది, కుక్కపిల్ల అయింది. అయ్యప్ప మాల వేయించింది. మాల మెడలో ఉన్నన్నాళ్లూ ఫోను ముట్టకపోతే స్వామి మహిమేనని ఊరంతా అనుకుంది. కొండ నుంచి తిరిగొచ్చి మాల తీసిన పూటే, నల్లబట్టలైనా మార్చుకోకుండా రేవు తెరిచాడు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, అమ్ములు నీళ్ల తొట్టిలో పడకపోతే.

అమ్ములు వాళ్ల ఒక్కగానొక్క కూతురు. బళ్లో పేరు జోషిత, రెండో తరగతి. మొక్కలకు నీళ్లు పట్టే సిమెంటు తొట్టి గట్టు మీద నడుస్తూ జారి పడింది. తండ్రి ఆ గట్టు మీదే కూర్చుని ఉన్నాడు. దూరంగా సంచులకు మట్టి నింపుతున్న ఆడకూలీలు ఆ చప్పుడు విని పరిగెత్తుకొచ్చి పిల్లను పైకి లాగారు. అంతసేపూ ఆయన తల తిప్పలేదు. చిందిన నీళ్లు ఫోను మీద పడితే లుంగీతో తుడుచుకున్నాడట.

మర్నాడు వేణి, కనుబొమ మీద కుట్లు పడ్డ పిల్లను వెంటబెట్టుకుని రాజమండ్రిలో ఉన్న ఆడపడుచు హైమవతి దగ్గరికి వచ్చింది.

“వదినా, ఊళ్లోవాళ్లందరికీ చేస్తన్నారంట కదా ఆ వైద్యం. మీ తమ్ముడికి కూడా చెయ్యండి. ఆయనేం పరాయోడు కాదుగా,” అంది.

హైమవతి మెదడు మీద పరిశోధన చేసే మనిషి. పెద్ద చదువులే చదివింది. కానీ ఆమెకు పేరు తెచ్చిన ఆలోచన మాత్రం ఆ చదువుల్లోంచి రాలేదు, చిన్నప్పుడు నాన్న పక్కన గొంతుక్కూర్చుని మామిడి అంట్లు కట్టడం చూడ్డంలోంచి వచ్చింది. టెంక నుంచి మొలిచిన మోటు మొక్కకు వేరు బలం. మంచి చెట్టు కొమ్మకు పండు తీపి. రెంటినీ చెక్కి, పచ్చి మీద పచ్చి ఆనించి పట్టీ చుడితే కొన్నాళ్లకు అతుక్కుంటాయి. అప్పుడు మోటు మొక్క తల కోసేస్తారు. ఇక ఆ వేరు తాగే నీరంతా కొత్త కొమ్మకే పోతుంది.

వ్యసనాన్ని పీకెయ్యాలని చూసిన డాక్టర్లందరూ ఓడిపోవడం ఆమె చూసింది. పీకితే మనిషే వాడిపోతున్నాడు. అంత బలమైన వేరును పారేసుకోవడం దేనికి, దాని మీద ఇంకోటి కడితే సరిపోదా అనుకుంది. తలకు తొడిగే ఒక టోపీ, ఎదురుగా ఒక తెర, అంతే సరంజామా. మనిషి తన వ్యసనంలో మునిగినప్పుడు మెదడులో ఒక చోటు భగ్గుమంటుంది. సరిగ్గా ఆ క్షణంలో రెండో ఇష్టాన్ని చూపించి, రెండు దారులనూ ఆ టోపీ కలిపి కుట్టేది. కొన్ని వారాలు అలా చేశాక పాత దారిని కోసేవారు. పేకాట వదలని ఒక గుమస్తా అలాగే ఈతగాడయ్యాడు. ఫోను వదలని ఒక ఇంజనీరింగ్ కుర్రాడు వీణ పట్టుకున్నాడు. ఇరుగుపొరుగు వాళ్లు ఫోనే నయమంటున్నారని వాళ్లమ్మ నవ్వుతూ చెప్పుకుంది.

తమ్ముణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, టోపీ పెట్టి, చేతికి ఫోనిచ్చారు. రేవు తెరవగానే మెదడు బొమ్మలో ఆ చోటు ఎర్రగా వెలిగింది. ఇక ఎదుటి తెర మీద ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టాడు హైమవతి దగ్గర పనిచేసే ఇమ్మానుయేలు. విరగబూసిన గులాబీ మడులు చూపిస్తే చలనం లేదు. గోదావరి మీద పడవ పందేలకూ లేదు. ఆఖరి ఆశగా దాకలో ఉడుకుతున్న పులస పులుసు చూపించాడు.

“పులస కూడా కదిలించలేదంటే ఈయన మన గోదావరి మనిషేనా అని నా అనుమానమండి,” అన్నాడు.

వేణి తన ఫోను తీసి ఒక ఫోటో చూపించింది. ముందు రెండు పళ్లూ ఊడిన అమ్ములు నవ్వుతున్న ఫోటో. బొమ్మలో, ఎర్రని చోటు పక్కనే, చిన్న దీపంలాంటి వెలుగు ఒకటి పుట్టింది. వేణి చీర కొంగుతో కళ్లొత్తుకుంది. అంతకాలం ఆ మనిషి లోపల పిల్ల మీద ప్రేమ అనేది ఉందో లేదో ఆమెకు తెలియలేదు.

“దీని మీదే పెట్టండి వదినా. అదే కదా నాక్కావాల్సింది.”

ఇమ్మానుయేలు హైమవతిని పక్కకు పిలిచాడు. “మేడమ్, మనం ఇంతవరకూ పనుల మీద కట్టాం, వస్తువుల మీద కట్టాం. మనిషి మీద కట్టలేదు. వీణ అయితే మూలన పెడితే ఊరుకుంటుందండి. పిల్ల అలా కాదు కదా. ఎదురుగా కూర్చుని తనూ ఈయన్ని చూస్తుంది.”

“తండ్రికి కూతురి మీదున్న ఇష్టమేగా ఇమ్మానుయేలూ, మనం కొత్తగా తెచ్చిందేముంది? మామిడి మీద మామిడి కడుతున్నాం. ఇంతకంటే బాగా పట్టే అంటు ఇంకోటి ఉండదు.”

నర్సరీ పిల్ల మాట అది. ఏ జాతి మీద ఆ జాతే అతుక్కుంటుందని ఊహ తెలిసినప్పటి నుంచీ విన్నది. బాగా పట్టడమే ప్రమాదమని ఆమెకు ఆ వేళ తట్టలేదు. తట్టేలా ఇమ్మానుయేలు ఇంకాస్త గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది, కానీ పై అధికారి సొంత తమ్ముడి విషయంలో ఎవరు మాత్రం ఎంత గట్టిగా చెబుతారు?

పాత దారిని కోసిన రోజున సూర్యచంద్రం లేచి, ఫోనులో రేవు తెరిచి, నిరుటి క్యాలెండరు చూసినట్టు చూసి మూసేశాడు. “ఇంటికెళ్తానక్కా. అమ్ములు బడినుంచి వచ్చేస్తుంది,” అన్నాడు.

ఆ తర్వాత రోజులు ఆ ఇంటికి పండగే. తండ్రి కూతురికి జడ వెయ్యడం నేర్చుకున్నాడు. మొదట్లో ఆ జడ కొబ్బరి తాడులా ఉండేది, నెల తిరక్కుండా వీధిలో ఆడపిల్లలంతా ఆయన దగ్గర జడ వేయించుకుంటామని వచ్చేవారు. ఆయన వెయ్యలేదు, అమ్ములుకు తప్ప. లెక్కలు చెప్పాడు, కథలు చెప్పాడు, పిల్ల ఎండలో నడుస్తుంటే గొడుగు పట్టుకుని వెనకాలే నడిచాడు. “తండ్రంటే నీ మొగుడేనే,” అని వేణితో అనని ఆడది లేదు. హైమవతి పరిశోధన కేంద్రంలో ఈ సంగతి చెబుతూ తండ్రీకూతుళ్ల ఫోటో చూపిస్తే పెద్దలంతా చప్పట్లు కొట్టారు. ఆమెకు గర్వమేసింది. ఎందుకెయ్యదు?

కొంతకాలానికి ఒక ఆదివారం ఆమె కడియం వెళ్లింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. సూర్యచంద్రం తన కంచం ముట్టకుండా, అమ్ములుకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని పిల్ల మొహంలోకి చూస్తున్నాడు. పిల్లకు దాహం వేస్తుందని పిల్లకే తెలియకముందే గ్లాసు అందించాడు. ఆవకాయ కారం నషాళానికి అంటబోయే ముందే నెయ్యి వేశాడు. చూడముచ్చటగానే ఉంది కానీ, ఆయన రెప్ప వెయ్యడం లేదు. కుడి చేతి బొటనవేలు తొడ మీద అటూ ఇటూ కదులుతోంది, ఏదో జరుపుతున్నట్టు.

“నువ్వు తినరా,” అంది హైమవతి.

“తింటానక్కా. ఇప్పుడు నవ్వబోతోంది, చూసి తింటాను.”

అమ్ములు నవ్వింది. ఆయన ముద్ద కలుపుకున్నాడు.

వేణి వంటింట్లో గిన్నెలు సర్దుతూ గొంతు తగ్గించి చెప్పింది. “బడి గేటు దగ్గరే ఉంటన్నాడు వదినా, పొద్దుటినుంచి గంట కొట్టేదాకా. మేష్టారు రావద్దంటే ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుంటన్నాడు. పిల్లని పక్కింటికి కూడా పోనివ్వడు. సరేలే, ఫోను కంటే నయం కదా అనుకున్నాను. అయితే మొన్న...” అని ఆగిపోయింది. “మొన్న అమ్ములు పెంచుకుంటన్న పిల్లిపిల్ల కనపడలేదు. ఇది దానికోసం అన్నం మానేసి ఏడ్చింది. నాలుగు రోజులయ్యాక మీ తమ్ముడే తీసుకొచ్చేడు. ఎక్కడ దొరికిందండీ అంటే చెప్పలేదు. దాని మెడకి తాడు ఒరుసుకున్న గుర్తుంది వదినా. ఎక్కడో కట్టేసి ఉంచినట్టు.”

“ఎవరు కట్టేస్తారు?”

వేణి నర్సరీ వైపు ఒకసారి చూసి, మళ్లీ గిన్నెలు సర్దుకుంది.

టీ పెట్టాక తమ్ముణ్ణి పిలుద్దామని హైమవతి నర్సరీలోకి వెళ్లింది. లేత మొక్కలకు ఎండ తగలకుండా ఆకుపచ్చ వల కట్టిన పెద్ద పందిరి ఒకటుంది. దాని బయట, వలకు మొహం ఆనించి, సూర్యచంద్రం నిలబడి ఉన్నాడు. లోపల్నుంచి పిల్ల ఏడుపు వినిపిస్తోంది. తలుపుకి బయట గొళ్లెం పెట్టి ఉంది.

“ఏంట్రా ఇది? పిల్ల లోపలుందిరా!”

ఆయన వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి ఆగమన్నాడు. “ఉండక్కా. ఇప్పుడే కాదు.”

ఏడుపు పెరిగింది. “నాన్నా, నాన్నా” అని పిల్ల తలుపు బాదుతోంది. హైమవతి ముందుకురికేలోగా ఆయనే గొళ్లెం తీశాడు. అమ్ములు బాణంలా వచ్చి తండ్రి నడుముకు చుట్టుకుంది. ఏడుస్తూనే నవ్వింది. అప్పుడు చూసింది హైమవతి తమ్ముడి మొహం. అందులో వాత్సల్యం ఉందనుకుంటే ఉంది. కానీ ఆ వెలుగు ఆమెకు కొత్త కాదు. తుఫాను తర్వాత మంచు చీల్చుకుని పెద్ద పడవ వచ్చినప్పుడు, కుర్చీలో కూర్చున్న తమ్ముడి మొహం మీద ఆమె చూసిన వెలుగే అది.

సాయంత్రం పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగింది. “నాన్న అలా తలుపేస్తే భయం వెయ్యలేదా అమ్ములూ?”

“మొదట్లో వేసేదత్తా. ఇప్పుడు తెలుసుగా, తీసేస్తాడని.” పిల్ల తన జడ కొస పట్టుకుని ఆడుకుంటోంది. “వెంటనే ఏడవకూడదు. వెంటనే ఏడిస్తే తొందరగా తీసేస్తాడు కానీ అంత ముద్దు చెయ్యడు. ఆగి ఆగి ఏడవాలి. రోజూ ఒకేలా నవ్వినా నాన్నకి నచ్చదు. ఒక్కోసారి అస్సలు నవ్వకూడదు. అప్పుడు నాన్న నా దగ్గర్నుంచి కదలనే కదలడు.”

“ఎవరు చెప్పారే నీకు ఇవన్నీ?”

“ఎవరూ చెప్పలేదు. నాన్నని చూస్తే తెలుస్తుంది.”

ఇమ్మానుయేలు అన్న మాట హైమవతికి అప్పుడు తలకెక్కింది. తండ్రి పిల్లతో ఆడుతున్నాడు. పిల్ల ఆట అయిపోయింది. ఏ ఆట అయినా మనిషిని పట్టి ఉంచడానికి ఏం చెయ్యాలో అదంతా, పాలపళ్లు ఊడే వయసులో, ఎవరూ నేర్పకుండా నేర్చేసుకుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఇక్కడ నాలుక ఇంకొకరిది.

పిల్లను దూరంగా ఉంచుదామని ముందు అనుకున్నారు. అమలాపురంలో అమ్మమ్మ ఇంటికి ఎవరికీ చెప్పకుండా పంపించారు. మర్నాడు అమ్మమ్మ వాకిలి ఊడ్వడానికి తలుపు తీస్తే అల్లుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు, పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. “లేచిందా అండీ?” అని మాత్రం అడిగాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున్న సూర్యచంద్రం తనంతట తనే పరిశోధన కేంద్రానికి వచ్చాడు. అక్క గదిలో కుర్చీ అంచున కూర్చుని చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. బొటనవేలు కదులుతుంటే రెండో చేత్తో పట్టుకుని ఆపాడు.

“అక్కా, నన్ను ఎక్కడైనా కట్టేసి ఉంచు.”

“ఏమైందిరా?”

“నిన్న అమ్ముల్ని కాలవ గట్టు మీదకి తీసుకెళ్లేను. లాకుల దగ్గర, నీళ్లు సుళ్లు తిరుగుతాయే, అక్కడ. అంచున నించోబెట్టేను. దానికి ఈత రాదు.” బొటనవేలిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. “పందిరి తలుపులూ, పిల్లిపిల్లలూ ఇక సరిపోవట్లేదక్కా. చిన్న గాలివానలు అవి. ఇంకా పెద్దదొకటి వస్తే, అందులోంచి దాన్ని నేను బయటికి తీస్తే, అప్పుడు అది నవ్వే నవ్వు ఎలా ఉంటుందో అని... నా చెయ్యి దాని వీపు మీద ఉందక్కా. చాలాసేపు ఉంది. ఎవరో సైకిలు గంట కొడితే తీసేను.”

హైమవతి లేచి వెళ్లి గది తలుపు మూసింది.

“నాకు అదంటే ప్రాణమక్కా. అబద్ధం కాదు. అది లేకపోతే నేను బతకను. అయినా నా చెయ్యి అక్కడే ఉంది.” సూర్యచంద్రం చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “తీసెయ్యి. దాని మీంచి తీసి ఇంకెక్కడైనా పెట్టు. మళ్లీ రేవే పెట్టు. రాయి మీద పెట్టు, రప్ప మీద పెట్టు, పరవాలేదు.”

అదే రోజు టోపీ పెట్టారు. ఇమ్మానుయేలు ఆ గదిలో ఉన్న బొమ్మలన్నీ చూపించాడు. ఆటలు, పాటలు, పూలు, దేవుళ్లు, చివరికి రేవు. దేనికీ ఏమీ వెలగలేదు. ఇంకో అంటు ఆనించి పట్టీ చుట్టడానికి చోటే లేదు. అమ్ములు ఫోటో పెట్టగానే తెరంతా ఎరుపెక్కింది. అప్పట్లో చిన్న దీపం, పక్కన పెద్ద మంట వేరువేరుగా కనపడ్డాయి. ఇప్పుడు ఏది ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

“అతుకు కనపడట్లేదండి,” అన్నాడు ఇమ్మానుయేలు. “ఏది ఆట మీద ఇష్టమో, ఏది కన్న ఇష్టమో యంత్రం చెప్పలేకపోతోంది. పైపైన కోస్తే మళ్లీ పిల్ల వైపే చిగురేస్తుంది. కోస్తే మొదలంటా కొయ్యాలి.”

“మొదలంటా కోస్తే?” అంది వేణి.

హైమవతి చెప్పక తప్పలేదు. “వాడికి ఏదీ మరుపు రాదు వేణీ. పిల్ల పేరు తెలుసు, పుట్టినరోజు తెలుసు, ఏది తింటుందో ఏది తినదో తెలుసు. కానీ దాని మీద ఇష్టం మాత్రం ఉండదు. మనం అంటు కట్టకముందు ఉన్న ఆ కాస్త దీపం కూడా పోతుంది. మళ్లీ రాదు.”

వేణి మొగుడి వైపు చూసింది. ఆయన తల వంచుకుని ఉన్నాడు. తొట్టిలో పడ్డ పిల్ల వైపు తల తిప్పని మనిషిలో కూడా ఆ దీపం ఉందని తెలిసి ఆమె ఏడ్చింది ఈ గదిలోనే.

“పిల్ల బతికుండాలి వదినా,” అంది. “కొయ్యండి.”

ఇష్టం బాగా వెలుగుతున్నప్పుడే కోత సరిగ్గా పడుతుంది. దానికి ఫోటో చాలదు, పిల్లే కావాలి. బడి నుంచి నేరుగా తీసుకొచ్చి, నాన్నకు తలనొప్పి తగ్గిస్తున్నారని చెప్పి, తండ్రికి ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టారు. టోపీ కింద సూర్యచంద్రం కళ్లు పిల్ల మీద నిలిచాయి. ఆయన ఈసారి బొటనవేలిని ఆపుకోలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా రెప్ప వెయ్యలేదు.

“నాన్నకి నొప్పి ఎక్కువగా ఉందా?” అని అడిగింది అమ్ములు.

“ఎక్కువగానే ఉందమ్మా,” అన్నాడు.

పిల్ల కాసేపు మొహం ముడుచుకుని కూర్చుంది. ఆయన ముందుకు వంగాడు. ఇంకాస్త ఆగింది. అప్పుడు నవ్వింది. తన దగ్గరున్న నవ్వులన్నిట్లోకీ మంచిది, దాచుకున్నది, నాన్న నొప్పి తగ్గాలని ఇచ్చింది. తెర నిండా ఎర్రని వెలుగు పొంగింది. హైమవతి మీట నొక్కింది.

తెర చల్లబడింది. సూర్యచంద్రం రెప్ప వేశాడు. చాలాకాలం తర్వాత అన్నం తిన్నవాడిలా నెమ్మదిగా ఊపిరి తీసుకుని, గదంతా చూసి, స్టూలు మీద ఇంకా నవ్వుతూనే ఉన్న పిల్లను చూశాడు. బస్సులో పక్క సీటు పిల్లను చూసినట్టు, మర్యాదగా.

“పాపకి చలేస్తున్నట్టుంది. ఏసీ తగ్గించండి,” అన్నాడు.

వేణి గది బయటికి వెళ్లిపోయింది.

సూర్యచంద్రం ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఆ మాట ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. తెల్లవారగానే నర్సరీలో ఉంటాడు, అంట్లు కడతాడు, అమ్మకాలు చూసుకుంటాడు. ఏ ఆటా ఆడడు. ఏ పాటా వినడు. పిల్లకు పుస్తకాలు కొంటాడు, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు, బండి మీద బడి దగ్గర దింపి వెనక్కి చూడకుండా వస్తాడు. ఒక్క లోటు చెయ్యడు. వేణి ఈసారి అన్నవరం వెళ్లలేదు. ఎందుకెళ్లలేదని అడిగిన వాళ్లతో, “ఏం మొక్కుకోవాలో తెలియక,” అంది.

హైమవతి పనిలోంచి సెలవు పెట్టింది. తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. ఒక మధ్యాహ్నం ఆమె వరండాలో కూర్చుని చూస్తుండగా, అమ్ములు తండ్రి పనిచేస్తున్న మడి పక్కకు వెళ్లి, మట్టి కుండీల వరస మీద ఎక్కి నడిచి, కావాలని కింద పడింది. మోకాలు చీరుకుపోయింది. పిల్ల వెంటనే ఏడవలేదు. తండ్రి వంక చూస్తూ ఆగింది. ఆయన వచ్చి లేపి, మట్టి దులిపి, పంపు దగ్గర కాలు కడిగి, “చూసుకుని నడవాలమ్మా,” అని చెప్పి, కత్తి తీసుకుని మళ్లీ పనిలో కూర్చున్నాడు. అప్పుడు ఏడ్చింది. ఆగి ఆగి ఏడ్చింది. ఆయన పట్టీ చుడుతున్నాడు. గొంతు పెంచింది, తగ్గించింది, చివరికి నవ్వింది కూడా. ఆయన తలెత్తలేదు.

పిల్ల కుంటుకుంటూ వచ్చి హైమవతి పక్కన మెట్టు మీద కూర్చుంది. మోకాలి మీద రక్తం ఇంకా చెమ్మగానే ఉంది. ఆమె దగ్గరికి లాక్కుంటే వచ్చింది కానీ, ఆ పిల్ల చూపు అత్త మొహం మీదే ఉంది, ఏదో వెతుకుతున్నట్టు.

“అత్తా.”

“ఏం తల్లీ?”

“అమ్మా నువ్వూ అనుకుంటుంటే విన్నాను, నా మీద పెట్టిన ఇష్టం నాన్నకి పోయింది కదా. ఇంక రాదు కదా.”

హైమవతి అబద్ధం చెప్పలేకపోయింది. రాదన్నట్టు తలూపింది.

అమ్ములు కాసేపు మోకాలు ఊదుకుంది. “పోనీ ఇంకెవర్నైనా నా మీద పెట్టవా?” అంది. “అమ్మని వద్దులే, అమ్మకి పనుంటుంది. నిన్ను పెట్టుకో అత్తా. నీకు ఎవరూ లేరుగా. నేను బాగా చేస్తాను. నీకు ఎలా కావాలంటే అలా నవ్వుతాను.”

టోపీ ఎక్కడుందో, మీట ఎక్కడుందో, ఎన్ని వారాలు పడుతుందో హైమవతికి తెలుసు. వద్దు అనడానికి నోరు తెరిచింది. ఆ మాట వెంటనే రాలేదు.